తెరుచుకోని బ్యాకప్

శనివారం, గుంటూరు

నేను కంప్యూటర్ పని చూసే మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చెప్పేది డేటాబేస్ ఒక్కటే. దానికి రోజూ వేరే డిస్కులోకి బ్యాకప్ అవుతోందని అందరికీ ధీమా. అసలు ఆ బ్యాకప్ నుంచి డేటా తిరిగి వస్తుందో లేదో పాత కంప్యూటర్లో ఎక్కించి చూస్తానని ఇవాళ మేనేజరు గారిని అడిగాను.

"సీజన్ మొదలయ్యే రోజున పాడైపోతే ఎట్లా అంటావేంటమ్మా? అపశకునం! బాగున్నదాన్ని కెలక్కు."

"మొలక చూడకుండా విత్తనాలు చల్లుతామా సార్?" అన్నాను.

ఆయన టీకి వెళ్లగానే చూశాను. ఫైలు తెరుచుకోలేదు. డిస్కు నిండిపోయి, వారాలుగా బ్యాకప్ సగమే పడుతోంది. డేటాబేస్ ఉన్న సర్వర్ ఇవాళే పోయి ఉంటే? పర్చూరు నుంచి వచ్చిన రైతుకు, నీ బస్తాలు ఎక్కడున్నాయో తెలియదని ఎవరు చెప్పేవాళ్లు?

ఆయన టీ తాగి రాగానే సంగతి చెప్పాను. "ఓనరు గారి చెవిన పడనీయకు. నీ ఉద్యోగం కూడా పోద్ది" అన్నారు మేనేజరు గారు. ఆయన ఎదుటే ఫోన్ చేసి చెప్పేశాను. ఓనరు గారు సోమవారం వచ్చి మాట్లాడమన్నారు, అంతే.

అమ్మ భయపడుతోంది. "చదువుకున్నదానివి, కాస్త అణిగి ఉండొచ్చుగా" అంటోంది. అణిగి ఉండటానికైతే చదువెందుకు? మా ఇంట్లో ఇన్నాళ్లూ చదువుకోకుండానే అందరూ అణిగి ఉన్నారుగా.

తీసేస్తే తీసేయనీ. సాయంత్రం డిస్కు ఖాళీ చేసి, కొత్త బ్యాకప్ తీసి, దాన్ని పాత కంప్యూటర్లో తెరిచి చూశాకే ఇంటికొచ్చాను. ప్రతి రైతు పేరూ వచ్చింది.