శిఖా సరిగ్గానే వింది

మంగళవారం, డిసెంబర్ 2006

ఇవాళ తొమ్మిదో తరగతికి ఇంగ్లీష్ లిజనింగ్ టెస్ట్ పేపర్లు దిద్ది తిరిగి ఇచ్చాను. నేను చదివి వినిపించిన కథలో తోటమాలి ఎలాంటివాడన్నది ఒక ప్రశ్న. కథలో ఉన్నది జెడ్‌తో మొదలయ్యే zealous, పనంటే ఉత్సాహం ఉన్నవాడని. శిఖా మాత్రం jealous, ఈర్ష్య ఉన్నవాడని రాసింది. సున్నా వేశాను.

"మ్యామ్, ఆప్‌నే జెలస్ హీ బోలా థా," అంది లేచి నిలబడి, నేను జెలస్ అనే పలికానని.

వినకుండా రాసి, పైగా అబద్ధమా అని కసిరి, బెల్లు కొట్టేదాకా బయట నిలబెట్టాను.

సాయంత్రం అదే కథ మా చిన్నికి చదివాను. "మమ్మీ, యూ సెడ్ జెలస్. జెడ్ కహాఁ హై?" అంటూ, జెడ్ ఎక్కడ వినిపించిందని నవ్వింది. ఆ మాట మూడుసార్లు పలికాను. మూడుసార్లూ జ అనే వచ్చింది. నా మొహం చూసి నవ్వడం ఆపేసింది.

క్లాసులో సగం మంది శిఖాలాగే రాశారు. లేచి చెప్పింది అదొక్కతే.

నా తెలుగు యాస గురించి ప్రిన్సిపల్ ఇప్పటికే ఒకసారి అన్నారు. మార్చిలో కాంట్రాక్టు రెన్యువల్. గుట్టుగా అందరికీ మార్కులు కలిపేస్తే ఎవరూ అడగరు. కానీ ఆ పిల్లది అబద్ధమని నేనన్నది నలభైమంది ముందు. తప్పు నాదని చెప్పాల్సిందీ ఆ నలభైమంది ముందే...