వైఫై తీసేసిన శుక్రవారం

నందిగామ,
బుధవారం.

ప్రియమైన సూసన్‌కు,

ప్రభువు నామంలో అక్క వందనాలు. ఇక్కడ మీ బావా నేనూ కులాసా. జగ్గయ్యపేటలో మీరంతా బాగున్నారని తలుస్తున్నాను. గంట బస్సు దూరానికి ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు "ఏంటక్కా?" అనగానే నేను చెప్పాలనుకున్నది వదిలేసి కూరల సంగతి ఎత్తుకుంటాను.

మీ బావ మోకాలి నొప్పి తగ్గింది. ఇక, టీవీకి తగిలించమని నువ్వు పంపిన స్టిక్ పనిచేస్తోందా అని మూడుసార్లు అడిగావు.

అందులో ఫేస్‌బుక్ యాప్ దొరకలేదు. నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టిన పాట ఫోనులో తెరిచి టీవీకి పంపాలని, ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలని మీ బావే కనిపెట్టారు. మొదటిరోజే వచ్చింది. గోడంత నీ ముఖం. ఆయన కాఫీ చల్లారిపోయేదాకా విన్నారు. ఇరవై ఏళ్లలో నా పాటకు ఆయన కాఫీ ఒక్కసారీ చల్లారలేదు.

ఆ శుక్రవారం మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన. పదకొండేళ్లుగా అక్కడ పాట ఎత్తుకునేది నేనే. పక్కింటి పుష్పవతి పిన్ని కూర్చుంటూనే, "ప్రేమా, మీ చెల్లి పాట పెట్టవే టీవీలో. నీది వారం వారం వినేదేగా!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి, ఫోనులో వైఫై తీసేశాను. తిరిగొచ్చి టీవీ ముందు నిలబడి ఫోను నొక్కుతూ, "రావట్లేదు పిన్నీ" అన్నాను.

"ఎమ్మే చదివావు, పాట పెట్టడం రాదటే నీకు!"

అలాగే వైఫై తీసేస్తూ, ఆ మాట నాలుగు శుక్రవారాలు పడ్డాను.

ఇప్పుడు నువ్వు స్టిక్ పాడైందనుకుని, ఈ శుక్రవారం కొత్తది తెస్తానంటున్నావు. తేకు. అది బాగానే ఉంది. నిన్ను టీవీలోకి రానివ్వనిది నేనే.

ఇది అసూయేనా, నా చోటు పోతుందన్న భయమా అని చాలా ఆలోచించాను. అసూయే. నేను నేర్పిన పాటలే కదా, గర్వపడాలి కదా అనుకుంటాను. కానీ పైకెత్తినచోట నా గొంతు చీలుతుంది, నీది చీలదు. నాకు అదొక్కటే వినపడుతోంది.

పిన్నికి నిజం చెప్పేస్తానని రాయబోయి ఆగాను. చెబుతానో లేదో. నువ్వు మాత్రం రా. టీవీ కట్టేసి, చాప మీద నా పక్కన కూర్చో. చరణాలన్నీ నువ్వే పాడు. పల్లవి మాత్రం నన్ను ఎత్తుకోనివ్వు.

ఇట్లు,
నీ మీద ఇంకా కాస్త కుళ్లుకుంటున్న అక్క,
ప్రేమకుమారి