సరోజకిచ్చిన పుంజు

గోదావరిఖని, శ్రావణ శుక్రవారం, 1991

పక్క క్వార్టర్ సరోజ పోయిన దసరాకు నా నల్లపెట్టను కోసుకు తిన్నది. గోడ దూకి వచ్చిందట, ఎవరిదో తెలియలేదట. ఇంతవరకు తప్పయిందన్న మాట లేదు. ఆ పెట్ట గుడ్డు చెంచాతో గట్టిగా కొడితే గాని పగిలేది కాదు.

ఈరోజు పసుపుబొట్టుకు వచ్చి పెరట్లో పుంజును చూసింది.

"అక్కా, ఎంత మంచిగున్నదే! మా పెట్టలకు పుంజు లేదు, నాకియ్యరాదే?"

"తీస్కపో చెల్లె. నీకంటె ఎక్కువనా?" అన్నాను.

ఆ పుంజు తల్లి మా బూడిదరంగు పెట్ట. ఆ పెట్ట గుడ్లు చేత్తో పట్టుకుంటేనే చితికిపోతాయి. నత్తగుల్లల పొడి తినిపించినా మారలేదు. పుంజు గుడ్డు పెట్టదు కనుక దానికేం లోపం ఉంటుందని అందరూ అనుకుంటారు. తల్లి గుణం కొడుకులో దాగి ఉండి, వాడి కూతుళ్లలో బయటపడుతుందని పశువుల డాక్టరు నాతో చెప్పాడు. అందుకే శ్రావణం వెళ్లగానే కోయిద్దామనుకున్నాను.

వచ్చే ఏడు సరోజ గుడ్ల గంపలో చెయ్యి పెడితే సొన అంటుకోవాలి. దీపం ముందు కూర్చుని అదే కోరుకున్నాను. అమ్మవారు ఏమనుకుందో...

సాయంత్రానికే పుంజు గోడ దూకి మా పెట్టల్లోకి వచ్చేసింది. పట్టుకుని మళ్లీ సరోజ చేతికే అందించాను.

"నిన్ను ఇడిసిపెట్టి ఉంటలేదక్కా ఇది!" అని నవ్వింది.

రేపు గోడ మీద ముళ్లకంప వేయించాలి. పుంజును మాత్రం వెనక్కి తీసుకోను.