గ్రహాల మాస్టారి గల్పికలు

కాట్రేనికోన,
ఆదివారం, ప్రార్థన గుడి నుంచి వచ్చాక.

ప్రియమైన వాణికి,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ నేనూ, అమలాపురం హాస్టల్లో ఏంజెలూ బాగున్నాం. నువ్వూ బాగున్నానని మొన్న శుక్రవారం ఫోనులో చెప్పావు గానీ, గొంతు జలుబు చేసినట్టుంది. ఏసీకి ఎదురుగా పడుకోకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. అమ్మాయి లెక్కల్లో పర్వాలేదు, ఫిజిక్సుతోనే తిప్పలు. వంటింటి మీద రేకు మార్పించాను. అన్నం నేనే వండుకుంటున్నాను, కూర మాత్రం సెంటర్లో కొనుక్కుంటున్నాను. తిట్టకు. ఒక్కడి కోసం కూర ఎంత తక్కువ వండినా మిగిలిపోతోంది.

ఇక పుస్తకం సంగతి. వచ్చింది. మన గ్రహాల మాస్టారి గల్పికలన్నీ కలిపి వేసిందే. పెళ్లికి ముందు ఆయన సీరియల్ కోసం గ్రంథాలయంలో ఒకే వారపత్రికకి పోట్లాడుకున్న వాళ్లం కదా మనం! అందుకని రొయ్యలకు మేత వేసి, చేతులు కడుక్కుని, చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని మరీ తెరిచాను.

ఏం చెప్పమంటావు, ఒళ్లు మండిపోయింది. కథల్లో శుక్రగ్రహం మీద ఊళ్లు కట్టిన మనిషి ఇందులో తన పంటి నొప్పి గురించి రాసుకున్నాడు. సన్మానంలో కప్పిన శాలువా పొట్టిదైందని రెండు పేజీలు. పనిమనిషి చెప్పకుండా మానేసిందని మూడు పేజీలు, అదీ వెటకారంగా. నువ్వు కువైట్లో ఎవరింట్లోనో గిన్నెలు తోముతుంటే నేనిక్కడ కూర్చుని అది చదివి నవ్వాలా? పుస్తకం మూసేశాను.

సెలవుకి వచ్చిన నూకాలమ్మ వదిన బుధవారం అక్కడికి తిరుగు ప్రయాణం. ఎవరింటి పార్సిలూ అర కేజీ దాటకూడదని కొబ్బరి కొట్టు కాటా తెచ్చి గుమ్మంలో పెట్టుక్కూర్చుంది.

"పుస్తకం కూడానా మరిదిగారూ? అయితే ఎండురొయ్యలు సగం తీసెయ్యాలండి," అంది. మళ్లీ తనే, "తీసెయ్యండి, పర్లేదు. ఆ పుస్తకం కోసం అక్కడ మావోళ్లంతా కాసుక్కూచున్నారండి. శుక్రవారం ప్రార్థన అయ్యేక వాణి చదివి వినిపించేరు కదండీ, చంద్రుడి మీద హోటల్లో గిన్నెలు తోమే ఆవిడ కథ. నేనైతే ఏడ్చేసేనండి. అందులో ఉంది కదండీ అది?"

"ఆయ్," అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

లేదు వాణీ. నీకు ఎత్తిరాసి పంపుతున్నానని చెప్పిన పదకొండు గల్పికల్లో ఒక్కటి కూడా ఇందులో లేదు. అచ్చు వేసినవాళ్లు వదిలేశారని నీకు ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. అవి ఆయన రాసినవి కావు. నేను రాశాను.

నువ్వు వెళ్లిన ఏడాది, మాస్టారు కొత్తగా ఏమైనా రాశారా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగేదానివి. ఆయన అప్పటికే రాయడం మానేశాడు. లేదని చెప్పడానికి మనసొప్పలేదు. చెరువు కాపలా మనిషిని, నా పేరుతో పంపితే నవ్వుతావనుకుని ఆయన పేరు పెట్టాను. నీకు నచ్చింది. ఆ తర్వాత ఆపలేకపోయాను. అసలు పుస్తకం వస్తే, ఆయన గొప్పతనం ముందు నావి వెలవెలబోతాయి, నువ్వు వాటిని మరిచిపోతావు, నేను మెల్లగా తప్పుకోవచ్చు అనుకున్నాను. అందుకే దానికోసం నీకంటే నేనే ఎక్కువ ఎదురుచూశాను. ఆ దారి కూడా లేకుండా చేశాడు మహానుభావుడు.

నలుగురిలో నీకు తలవంపులు తెచ్చాను. క్షమించు. వాళ్లకు ఏం చెప్పాలో నీ ఇష్టం.

చంద్రుడి మీద ఆవిడ గురించి చదివి నువ్వేం రాశావో గుర్తుందా? 'నన్నెప్పుడూ చూడని మనిషికి నా సంగతి ఇంత బాగా ఎలా తెలిసిందో' అన్నావు. రెండు రోజులు ఆయన మీద కుళ్లుకున్నాను. నేను రాసినదానికి నేనే అసూయపడ్డాను, చూడు నా బతుకు!

ఫోనులో తిన్నావా అంటావు, ఆయ్ అంటాను. నువ్వు తిన్నావా అంటాను. అంతలో నువ్వు పనిచేసే ఇంటావిడ ఫోను అడుగుతుంది. పెట్టేశాక ఇల్లంతా ఊరికే తిరుగుతాను. నువ్వు లేక ఎంత ఖాళీగా ఉందో కట్టుకున్న పెళ్లాంతో చెప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గేసింది. అందుకే ఎవరినో చంద్రుడి మీదికి పంపి, వాళ్ల చేత చెప్పించాను.

పుస్తకం పంపుతున్నాను, చదివి నువ్వే తేల్చుకో. ఈ ఉత్తరం అందులోనే పెట్టి రేపు వదినకి ఇస్తాను. వచ్చే శుక్రవారానికి నీకు అంది ఉంటుంది. కోపం వస్తే తిట్టు, పడతాను. ఇక ఆయన పేరుతో ఒక్క ముక్క రాయను. నా మాటలు నేనే చెబుతాను, కాకపోతే అలవాటు లేదు కదా, కొంచెం టైం పడుతుంది. అవతల ఏమీ వినపడకపోతే లైను పోయిందనుకుని పెట్టేయకు, వాణీ. నేను ఉంటాను.

ఇట్లు,
నీ భర్త,
సీమోను