నూనె డబ్బాల మేళం

శీనన్నయ్యా,

అమ్మవారికి అపచారమంటూ నువ్వు ఖాళీ నూనె డబ్బాలతో కట్టిన మేళాన్ని కాలవలో పారేయించింది మన జాతర కమిటీ ప్రెసిడెంటే. నువ్వు కన్నుమూసి ఏడాదైనా ఆయన్నెవరూ నిలదీయలేదు.

మొన్న సామర్లకోట నెట్ సెంటర్లో పెద్దమ్మకి ఒక వీడియో చూపించాను. ఎవరో విదేశీ కుర్రాళ్లు గిన్నెలు, సీసాలు, సైకిల్ చక్రాలు వాయించుకుంటూ వీధంతా నడుస్తున్నారు. పెద్దమ్మ నెట్ సెంటర్ ఆయన్ని అడిగింది: "మా అబ్బాయి పిచ్చే వీళ్లకీ ఉందేంటండీ?"

రేపటి జాతరలో మేమూ డబ్బాలు వాయిస్తాం. కాళ్లు విరగ్గొడతామని కమిటీ నుంచి కబురొచ్చింది. భయం లేదని ఊళ్లో పంచిన కరపత్రంలో రాశాను. నీకు అబద్ధం రాయలేను, రెండ్రోజులుగా అన్నం దిగడం లేదు. పెద్దమ్మ అందరికంటే ముందు నడుస్తానంటోంది. ఆవిడ మీద దెబ్బ పడితే నీకేం చెప్పను?

అందుకే ఇంటింటికీ తిరిగి ఒకటే చెబుతున్నాను. వాయించడం రాకపోయినా ఫర్వాలేదు, ఆవిడ చుట్టూ నిలబడటానికైనా రేపు సాయంత్రం ఆరింటికి కాలవ లాకుల దగ్గరికి రండి.