దసరా బొట్టు చెరగని మిషను

నంద్యాల,
ఆదివారం.

పెద్దక్క నాగమ్మకు, బావకు, మీ తమ్ముడు ఓబులేసు దండం పెట్టి రాస్తాండేది ఏమంటే, ఈడ నేను బాగుండా. ఆడ మీరంతా ఎట్లుండారు? చిన్నమ్మికి దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా? బావ కాలు ఎట్లుంది? కడపటిది ముందు అడగాల్సింది. అడిగేదానికి చెయ్యి రాలేదు.

దినామూ ఫోన్లో మాట్లాడేవాడు ఉత్తరం రాస్తాండాడేందీ అనుకుంటావు. ఫోన్లో అయితే నేను నవ్వులాటకు తిప్పేస్తానక్కా. నా నోరు నీకు తెలుసు, చావింటికి పోయినా ఒకర్ని నవ్వించందే బయటికి రాను. ఈ సంగతి అట్లాంటిది కాదు. పక్కగదిలో ఉండే మస్తానన్న రేపు పొద్దున ఆళ్లగడ్డకు వస్తాండాడు, ఆయన చేతికిస్తా.

భయపడొద్దు, నాకేమీ కాలేదు. తింటాండా, పండుకుంటాండా. ఎండలు మాత్రం చెప్పేదానికి లేదు, మధ్యాన్నమైతే ఆటోవాళ్లు గూడా రోడ్డు మీద కనపడరు. హోటల్లో సంగటి దొరుకుతాది గానీ దాన్లోకి నువ్వు నూరే ఊరిబిండి యాడ దొరుకుతాది. మన ఊర్లో నేను గేటు కాడ టిక్కెట్లు చించే సినిమా హాలు మూసేసినాక ఈడికొచ్చి రెండేండ్లయితాంది, ఈ పొద్దుకూ ఆదివారం వస్తే ఎవరితో తగాదా పెట్టుకోవాల్నో తెలీక గోడకు మొకం పెట్టి కూర్చుంటా. అయినా బాగుండా. నువ్వు మనసులో పెట్టుకోవద్దు.

ఆసుపత్రిలో నా పని నీకు తెలుసు గదా. కట్లు కట్టే గదిలో కత్తెర్లు, పటకార్లు కడిగి, ఆవిరి మిషన్లో పెట్టి, పురుగూ పుట్రా చచ్చేదాకా ఉడికించి, ఎప్పుడు పెట్టింది ఎప్పుడు తీసింది బుక్కులో రాసేది. ఆ మిషను మూతకుండే రబ్బరు పోయిన దసరాకు ముందరే చెడిపాయ. డాక్టరుకు చెప్పినా.

"తెప్పిద్దాంలే ఓబులేసూ. అంతదాకా గిన్నెలో మరగబెట్టు. బుక్కు మాత్రం ఆపొద్దు" అన్నాడు.

నేను ఆపలేదు. సిగ్గిడిచి చెప్తాండా, ఆ రాత నాకు ఆటగా ఉండె. ఒక దినం నీలం పెన్ను, ఒక దినం నల్ల పెన్ను. ఒక పొద్దు ఆరున్నర, ఇంకో పొద్దు ఆరూ ముప్పై అయిదు. "చూడు మ్మే, పది తప్పినోడు ఎంత బాగా రాసినాడో" అని నర్సు షాహీనుకు చూపించి మురిసిపోతాంటి. ఆ పిల్ల ఒక్కసారి గూడా నవ్వలేదు. "ఇది మంచిది కాదన్నా" అనింది. "నువ్వు సూదులేసుకో పో" అంటి.

మొన్న గురువారం ఆసుపత్రి తనిఖీకి జిల్లా ఆఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ, ఇంకిద్దరు వచ్చినారు. ముందురోజే తెలిసింది కాబట్టి అంతా కడిగి పెట్టింటిమి. పాత మందులు తీసేస్తిమి. చెత్తకు ఎర్ర బుట్ట, పచ్చ బుట్ట సరిజేస్తిమి. షాహీను తడిగుడ్డ తీసుకొని ఆ మిషను మింద దసరాకు నేను పెట్టిన గంధం, కుంకం బొట్టు తుడవబోయింది. నేనే చెయ్యి పట్టుకొని ఆపినా. "ఆయుధ పూజ బొట్టు మనంతట మనం తుడిచేది గాదు మ్మే, అరిష్టం" అంటి. నీకు గుర్తుందో లేదో, నాయన చేను దున్నే మడకకు పెట్టిన బొట్టు గూడా వానకు పోవాల్సిందే గానీ మనం ముట్టుకునేవాళ్లం కాదు.

ఆఫీసరమ్మ మన ఈడుదే. పెద్దగా మాట్లాడే మనిషి గాదు. అన్నీ చూసి మిషను కాడికొచ్చి నిలబడింది. బొట్టు సరిగ్గా మూతా గిన్నే కలిసే కాడ ఉంది. మూత పిడి నుంచి కింద పిడికి పసుపుకొమ్ము దారం కట్టింటి.

"ఈ బొట్టు ఎవరు పెట్టినారు?"

"నేనే మేడం."

"ఎప్పుడు?"

"దసరాకు మేడం. మల్ల ముట్టుకోలేదు. చూడండి, యాడా చెరగలేదు." గొప్పగా చెప్తినక్కా. కాలికి కట్టు కట్టించుకోను వచ్చిన ముసలామె ఒకామె "భక్తి ఉండే పిల్లోడు" అని గూడా అనింది.

ఆఫీసరమ్మ బుక్కు తెరిచింది. "ఈ పొద్దు ఆరున్నరకు దీని మూత తెరిచినట్ల రాసినావు. నిన్న రెండుసార్లు. మొన్న రెండుసార్లు. బొట్టు చెరగకుండా, దారం తెగకుండా ఎట్ల తెరుస్తాండావప్పా?"

ఆ ముసలామె నవ్వింది. డాక్టరు గోడ దిక్కు చూస్తాండాడు.

అంతటితో అయిపోయింటే ఇంటికొచ్చి నేనే ఈ కత చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆయమ్మ కట్ల బుక్కు గూడా అడిగింది. ఎవరి పుండు మానలేదు, ఎవరు మల్ల మల్ల వచ్చినారు అని వేలు పెట్టి చూస్తాంది.

"పుల్లయ్య, ఆళ్లగడ్డ. చేన్లో కాలికి కందికొయ్య గుచ్చుకుంది. తొమ్మిదిసార్లు వచ్చినాడు. ఎవరీయన?"

"మా బావ మేడం" అంటి.

ఆయమ్మ బుక్కు మూసింది. ఏదన్నా తిట్టింటే బాగుండు.

అక్కా, ఇప్పుడు రాసేది నువ్వు రోంత నిదానంగా చదువు. బావ మొదటిసారి వచ్చిన దినం నేను నీళ్లు గూడా సరిగ్గా మరగబెట్టలేదు. అది డాక్టరు చెప్పింది గాదు, నేను చేసిందే. జనం ఎక్కువుండారు, బావ కనపడేసరికి ఎగతాళి మొదలుపెట్టినా, గోరువెచ్చని నీళ్లలో పటకారు ముంచి తీసిచ్చినా. వారానికే చీము పట్టె. అందరం షుగరు వల్లనే అంటిమి. నేనయితే ఇంకా ముందుకు పోయి, "మా బావ కాలు మామిడిపండ్లకు అమ్ముడుపోయింది" అని వార్డులో పదిమంది ముందర నవ్వించినా. బావ గూడా తల దించుకొని నవ్వినాడు. ఆ పొద్దు నుంచి బావ పండు ముట్టలేదని, పూటకు పిడికెడు సంగటి తింటాండాడని, "నా నోరే నా కాలు తినింది" అంటాండాడని నువ్వు ఫోన్లో చెప్తే, "మేలే, ఇప్పటికన్నా బుద్ధొచ్చింది" అంటి. ఆ మాట అనిన నోటికి ఈ మూడు దినాల నుంచి బువ్వ దిగలేదు. పైన తింటాండా అని రాసింది అబద్ధం.

ఆఫీసరమ్మను బయట పట్టుకొని అడిగినా, మా బావ పుండు దీనివల్లనేనా అని. "దీనివల్లనే అని చెప్పలేను, కాదని గూడా చెప్పలేను. ఈ గదిలో కట్టు కట్టించుకున్నోళ్లందరూ రక్తపరీక్ష చేయించుకోవాల" అనింది. గదికి సీలు వేసి పోయినారు. రబ్బరు పోయిన వారమే చెడిపోయిందని రాసియ్యమన్నాడు డాక్టరు. నేను దసరా అనే రాసిచ్చినా, గోరువెచ్చని నీళ్లు గూడా రాసినా. నాకింక ఈడ పని ఉండదు. దాని గురించి నువ్వు ఆలోచన చెయ్యొద్దు.

బుధవారం బావ బొటనవేలు తీసేయాలని మా డాక్టరు చెప్పింది ఉంది గదా. దానికి ఒప్పుకోవద్దు. మంగళవారమే బావను పిల్చుకొని నంద్యాల పెద్దాసుపత్రికి రా. ఆడ కాలు చూపిద్దాం, రక్తం చూపిద్దాం. జరిగింది ఆ డాక్టరుకు నేనే చెప్తా. తీయాల్సిందే అని వాళ్లంటే అప్పుడు చూద్దాం. షుగరు మాత్రలు ఆపొద్దు. బావకు ఈ ఉత్తరం దాచకుండా చదివి వినిపించు. ఆయన తిండిని ఆయన తిట్టుకునేది ముందు ఆపించు.

పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పు. చిన్నమ్మికి ముద్దులు. దీవించమని అడిగేదానికి నాకు మొకం లేదు. మంగళవారం తొలి బస్సుకు బస్టాండులో నిలబడింటా. బావకు నాతో మాట్లాడబుద్ధి కాకుంటే మాట్లాడొద్దని చెప్పు. నేనూ నోరు తెరవను, మీ వెనకాల నడిచి వస్తా. చీటీ కాడ వరసలో నిలబడేదానికి మనిషి కావాల గదా.

నీ తమ్ముడు,
ఓబులేసు