నాగలి కర్రకు దరఖాస్తు

గుట్టెనకపల్లె,
3 జూన్ 1963

తమ్ముడు ఆశన్నకు, అన్న ముత్తన్న దీవించి రాసేది. ఇక్కడ అవ్వ, మీ వదిన భూమవ్వ, ఎడ్లు అందరు మంచిగున్నరు. నీకు అడవి ఆఫీసుల గుమాస్తా కొలువు దొరికిందని ఊరంత సంబురపడ్డది.

వాన పడ్డది, నాగలి ఇరిగింది. గుట్టకు పోయి కర్ర కొడుతుంటే గార్డు గొడ్డలి గుంజుకున్నడు. "మా తాత గూడ గీడనే కొట్టిండు సారూ" అన్న. "అట్లనా, మీ తాత పేరు గూడ చెప్పు, రాసుకుంట" అని కాయితం తీసిండు. నిజాం రాజ్యం పోయిందంటిరి గద, ఆయన చట్టం పోలేదా? జెర గొడ్డలి ఇడిపియ్యి.

నీ అన్న,
ముత్తన్న

తా.క.: మీ ఆఫీసుల కుర్చీలు ఏ కర్రతోని చేసిండ్రో కనుక్కొమ్మన్నది మీ వదిన.


నిజామాబాద్,
10 జూన్ 1963

అన్నకు ఆశన్న నమస్కారాలు. చట్టమంటే భయపడకు. దాన్ని తెల్లదొరలు రాశారు, నిజాం సర్కారు చూసి రాసుకుంది, ఇప్పుడు స్వతంత్రులమై మనమే అమలు చేసుకుంటున్నాం. గొడ్డలి కోసం, కర్ర కోసం దరఖాస్తు పెట్టు. మనవాళ్లు ఎన్ని తరాల నుంచి, ఏయే అవసరాలకు కర్ర కొడుతున్నారో ఉన్నదున్నట్టు రాయి. నిజం రాసినవాడికి అన్యాయం జరగదు.

విధేయుడు,
ఆశన్న

తా.క.: గార్డును 'సారూ' అనకు. నేను వాడికంటే పెద్ద ఉద్యోగిని.


గుట్టెనకపల్లె,
2 జులై 1963

తమ్మీ ఆశన్నా, నువ్వు చెప్పినట్టే రాసిన. తాత నాగలికి, బాపు బండికి, నేను ఇంటి వాసాలకు కొట్టినమని, ఊర్ల ముప్పై రెండిండ్లోళ్లు గట్లనే కొట్టిండ్రని రాసి, అందరితోని వేలిముద్రలు ఏయించిన.

నిన్న ముప్పై రెండిండ్లకు నోటీసులొచ్చినయి. నేరం మేమే ఒప్పుకున్నమట! కాలం చేసిన బాపు గూడ హాజరు కావాల్నట. ఇన్నేండ్లకు తన పెనిమిటిని ఎవలో యాది చేసిండ్రని అవ్వ ఆ కాయితాన్ని దేవుని పటం ఎనుక పెట్టుకున్నది. ఊరోళ్లు నాతోని మాట్లాడుతలేరు. నాట్ల యాళ్ల దాటుతున్నది.

ఇట్లు,
దరఖాస్తు ముత్తన్న (ఊర్ల ఇప్పుడు గిట్లనే పిలుస్తున్నరు)

తా.క.: కాంట్రాక్టరు లారీలు టేకు దుంగలతోని మా చేన్లకెల్లే పోతున్నయి. గార్డు సలాం కొడుతున్నడు. వాళ్ల తాతలు ఎన్నడూ కొట్టలేదట.


నిజామాబాద్,
9 జులై 1963

అన్నా, నిజం రాయమన్నాను గానీ అంత నిజమా! ఇప్పుడైనా నేను చెప్పినట్టు చెయ్యి. "మాకు గుట్టతో గానీ, అడవితో గానీ ఏ సంబంధమూ లేదు, మునుపు కూడా లేదు" అని రాసి, మళ్లీ అందరి వేలిముద్రలూ వేయించి పంపు. కేసులు కొట్టేయిస్తాను. కాగితం నా బల్ల మీదికే వస్తుంది, భయం లేదు.

నీ తమ్ముడు,
ఆశన్న

తా.క.: మా ఆఫీసరుకు నా పని నచ్చింది. ప్రమోషన్ రావచ్చు. అవ్వకు చెప్పు.


గుట్టెనకపల్లె,
20 ఆగస్టు 1963

ఆశన్నకు ముత్తన్న రాసేది.

కేసులు కొట్టేసిండ్రు. నీ మాట నిలబెట్టుకున్నవు. పోయిన వారం గొలుసులు పట్టుకొని కొలిచెటోళ్లు వచ్చిండ్రు. గుట్ట కింది చేన్లు, ఇండ్లు అన్ని అడవి హద్దుల లోపటికే వచ్చినయి. "మా చేను సారూ" అన్న. "ఏ సంబంధం లేదని మీరే రాసిచ్చిండ్రు గద" అని వేలిముద్రలు చూపిచ్చిండ్రు. హద్దు రాయి కొసకున్న మా ఇంటి నడుమ పాతిండ్రు. మీ వదిన వంట చేస్తే ఊరు, పండుకుంటే అడవి.

నిన్న ఖాళీ చెయ్యమని హుకుం వచ్చింది. పదిహేను దినాలు గడువు. మేమంత రుద్రూరు దిక్కు చెరుకు కొట్టబోతున్నం. గొడ్డలి సంగతి ఇడిసిపెట్టు, చెరుకు కత్తి వాళ్లే ఇస్తరట.

హుకుం కింద సంతకం చూసిన. చిన్నప్పుడు పలక మీద నీ చెయ్యి పట్టుకొని దిద్దిచ్చినోన్ని, గుర్తుపట్టనా? ప్రమోషన్ వచ్చినట్టున్నది. సంతోషం.

ముత్తన్న

తా.క.: "గిది రాసినోడు ఎవడురా, వాని చెయ్యి పడిపోను" అన్నది అవ్వ. పట్నంల ఎవలో సారు అని చెప్పిన. శాపం ఎనుకకు తీసుకోవే అని బతిమాలుతున్న, ఇంటలేదు.